దసరాకు కడిగిన రంగు డబ్బాలు

ఉదయం ఆరూ ఇరవైకి నిజామాబాద్ బస్సు ఆర్మూర్ స్టాండులోంచి బయటికి వచ్చింది. అన్న కిటికీ పక్కన కూర్చున్నాడు, నేను అతని పక్కన. మర్నాడు దసరా. బస్సులో చాలామంది ఒళ్లో బంతిపూల సంచులు ఉన్నాయి. అన్న కిటికీలోంచి చూడటం లేదు. తిన్నగా ముందు సీటు వైపే చూస్తున్నాడు. పక్కన ఉన్నదేదీ అప్పటికి అతనికి కనిపించేది కాదు.

అన్న బోర్డులు రాసేవాడు. ఎనభైల్లో ఆర్మూర్ బజారులో నడిచినవాళ్లు అతని అక్షరాలు చదివే ఉంటారు. పసుపు కొనే కమీషన్ దుకాణాల పేర్లు, బట్టల కొట్ల పేర్లు, లారీల వెనక రాతలు, బడి గోడ మీద దేశం పటం. ముప్పై అయిదు దాటాక అతని చూపు అంచుల నుంచి తగ్గడం మొదలైంది. కంట్లో ఒత్తిడి పెరిగి నరం ఎండిపోతోందని, పోయిన చూపు తిరిగి రాదని, ఉన్నదాన్ని మందు చుక్కలతో కొన్నాళ్లు నిలబెట్టవచ్చునని డాక్టరు మొదట్లోనే చెప్పాడు. ఆ దసరా నాటికి మధ్యలో ఒక చిన్న గుండ్రం మిగిలింది. ఆ గుండ్రంలో పడింది స్పష్టంగానే కనిపించేది. కుంచె కొస కనిపించేది, దాని కింద తడి గీత కనిపించేది. ఆ గీత ఏ అక్షరంలోదో కనిపించేది కాదు.

ఈ సంగతి ఇంట్లో ముగ్గురికీ తెలుసు: అన్నకు, వదినకు, నాకు. వాళ్లకు పిల్లలు లేరు. నేను పెర్కిట్ బడిలో పంతులుగా ఉంటూ వాళ్లతోనే ఉండేవాణ్ణి. బజారులో ఎవరికీ చెప్పలేదు. చెబితే పని రాదు. తిండికి మాకు లోటు ఉండేది కాదు, వదిన బీడీలు చుట్టేది, నాకు జీతం వచ్చేది. అన్న భయం తిండి గురించి కాదు.

"రాయకుంట పొద్దెట్ల పోతది తమ్మీ?" అని ఒకసారి అడిగాడు.

అతనికి వేరే పని తెలియదు, వేరే సరదా లేదు. బోర్డు పని లేని రోజున కూడా రేకు ముక్కల మీద ఏదో ఒకటి గీస్తూ ఉండేవాడు. అది ఆగిపోతే మనిషి ఏమవుతాడో ఊహించడానికి వదిన, నేను ఇద్దరమూ ఇష్టపడలేదు.

అన్న పనిచేసే గది ఇంటి ముందు, వీధిని ఆనుకుని ఉండేది. కొత్తవాళ్లు దాని గడప దాటడానికి జంకేవాళ్లు. రంగు డబ్బాలు నేలంతా ఉండేవి, కొన్ని మూతలు లేకుండా, కొన్ని ఒకదాని మీద ఒకటి వాలి. డబ్బాల బయట కారిన రంగు గట్టిపడి ఉండేది. పగిలిన గాజుముక్కలు, సైకిలు ఊచలు, పాత కేలండర్లు, కిరసనాయిలు పోసిన సత్తు గిన్నె, గీతలు కొట్టడానికి సుద్దపొడి అద్దిన దారం. కూర్చునే పీటకు ఎడమ వైపు గోడకు కుంచె తుడుచుకునేవాడు. ఏళ్ల తరబడి తుడిచిన రంగు పొరలు పొరలుగా పేరుకుని అక్కడ గోడ వేలెడు మందాన ఉబ్బి ఉండేది.

వదిన పనిచేసేది వెనక వసారాలో. ఒళ్లో చాట, చాటలో కుడివైపు తంబాకు, ఎడమవైపు తడి గుడ్డలో చుట్టిన తునికాకు, అంచున దారపు ఉండ, కత్తెర. పని అయిపోగానే చాట తుడిచి గోడకు నిలబెట్టేది. నేల మీద ఒక్క ఆకు తుంపు మిగిలేది కాదు. ఒకే ఇంట్లో ముందు గది, వెనక వసారా అట్లా ఉండేవి.

ఒకసారి ఆమె రేకు పోయింది. ఆకును ఒకే కొలతకు కత్తిరించడానికి పైన పెట్టుకునే రేకు ముక్క అది. ఇల్లంతా వెతికి, చివరికి వచ్చి అన్న గది గడప దగ్గర నిలబడింది.

"ఏమయ్యా, నా రేకు నీ కుప్పల గిట్ల పడ్డదా?"

"పడలే. నేనే తెచ్చిన."

"ఎందుకు?"

"బస్సు బొమ్మ ఏస్తున్న. నీ రేకు పెట్టి గీస్తే కిటికీలన్నీ ఒక్క తీరు వచ్చినయ్."

"మంచిగొచ్చినయా? అయితే పగటీలి అన్నం గూడ గా కిటికీలకెళ్లే తీసుకో. పొద్దటి సంది నాకు ఒక్క కట్ట గాలే."

"గా ఎర్ర డబ్బా ఎనుక సూడు. గ్లాసు బోర్లేసి ఉంటది. దాని కింద."

అక్కడే ఉంది. వదిన రేకు తీసుకుని, నా వైపు తిరిగి, "సూడు పంతులూ, ఏడున్నదో ఎరికేనట. గింత గలీజుల ఎట్ల ఎరికైతదో" అంది.

అతనికి ఎట్లా తెలిసేదో నాకూ అప్పుడు తెలియదు. కానీ ఆ చిందరవందరలోంచే అతనికి కొత్త సంగతులు దొరికేవి. ఒకనాడు గాజుముక్క ఒకటి గ్లాసు అంచు మీద పడి ఉండటం చూసి కొత్త రకం 'శ్రీ' రాశాడు. తర్వాత ఆ శ్రీ ఊళ్లో చాలా దుకాణాల మీద కనిపించింది. ఆ రెండూ వేరు వేరు చోట్ల సర్ది ఉంటే ఆ అక్షరం వచ్చేది కాదని అతనే అన్నాడు.

చూపు తగ్గాక ఆ గది ఇంకోరకంగా పనికి వచ్చింది. అన్న చూపు బోర్డు మీద నుంచి తీస్తే మళ్లీ అదే చోటు పట్టుకోవడం కష్టం. చిన్న గుండ్రంతో అంత పెద్ద రేకు మీద వెతుక్కోవాలి. అందుకని బోర్డు మీదనే చూపు నిలిపి, చేతిని మాత్రం పంపేవాడు. తెల్ల రంగు మోకాలి పక్కన ఉంటుందని చేతికి తెలుసు. దాని ఒంటి మీద రంగు మందంగా, జడలాగా కారి ఉంటుంది. నీలం డబ్బా నున్నగా ఉంటుంది, ఒక చోట సొట్ట. సన్న కుంచె పగిలిన టిఫిను మూతలో అడ్డంగా ఉంటుంది. గోడ మీది ఉబ్బుకు బోర్డు అంచు ఆనించి, అక్కడి నుంచి జానలు పెట్టుకుంటూ అక్షరం ఎక్కడ మొదలవ్వాలో పట్టుకునేవాడు. అట్లా రాసిన బోర్డులు చూసి ఎవరూ అనుమానపడలేదు. అక్షరాలు ఎప్పటిలాగే తిన్నగా ఉండేవి.

"ఏది ముట్టకుండ్రి" అని మాత్రం మా ఇద్దరికీ చెప్పాడు, ఎందుకో చెప్పలేదు. వదిన గడప బయటనే చీపురు ఆపేది.

దసరాకు మా ఇంట్లో పనిముట్లు కడిగి, బొట్లు పెట్టి, అమ్మవారి పటం ముందు పెడతాం. ఊళ్లో అందరూ చేసేదే. వదిన చాట, కత్తెర కడిగి పెట్టేది. అన్న ఒక్క కుంచెను మాత్రం కిరసనాయిల్లో ముంచి తుడిచి ఇచ్చేవాడు.

"ఒక్కటేనా? మిగిలినయి ఏం పాపం చేసినయ్?" అని వదిన ఏటా అడిగేది.

"ఒక్కటి పోతే చాలు. అది వచ్చి మిగిలినయిటికి చెప్తది" అని అన్న ఏటా అనేవాడు.

ఆ ఏడు దసరా ముందు రోజున మేము ఆ బస్సులో నిజామాబాద్ ఆసుపత్రికి పోయాం. డాక్టరు రెండు కళ్లూ పరీక్షించి, గుండ్రం ఇంకా తగ్గిందన్నాడు. చుక్కలు మార్చి రాశాడు. ఎంత కాలం ఉంటుందని అన్న అడిగాడు. చెప్పలేమన్నాడు. తిరుగు బస్సు ఎక్కాం. ఊరి గుట్ట రాళ్లు కనిపించే వేళకు అన్న, "తమ్మీ, ఇమానానికి ఒక్క రెక్కనే ఉన్నది" అన్నాడు.

గదిలో సగం అయిన బోర్డు గురించి. మోర్తాడ్ మనిషి ఒకతను గల్ఫ్ నుంచి తిరిగివచ్చి టేపురికార్డర్ల దుకాణం పెడుతున్నాడు. దీపావళికి తెరుస్తాడు. పేరు పక్కన విమానం బొమ్మ ఉండాలన్నాడు. అన్న పేరు మొత్తం రాసేశాడు. విమానానికి ఒక రెక్క వేశాడు.

"దసరా పోంగనే రెండోది ఏస్త. అది ఏసినాక ఎట్లనన్న గానీ."

ఇంటికి వచ్చేసరికి వదిన ముందు గది గడప మీద నిలబడి ఉంది. కొంగు నడుముకు చుట్టి ఉంది. చేతులు మోచేతుల దాకా ఎర్రగా కంది ఉన్నాయి. గడపకు పసుపు రాసి, బొట్లు పెట్టి, మామిడాకులు కట్టింది.

"రా, లోపలికొచ్చి సూడు" అంది అన్నతో.

నేను ముందు చూశాను. నేల కడిగి ఉంది. డబ్బాలన్నీ గోడ వెంబడి వరుసగా, పెద్దది మొదలు చిన్నదాని దాకా. ఒంటి మీద కారిన రంగు ఎక్కడా లేదు. కిరసనాయిలు, కొబ్బరి పీచు, బూడిద పెట్టి తోమింది. ప్రతి డబ్బాకూ పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టింది. కుంచెలన్నీ ఒక స్టీలు గ్లాసులో నిలబెట్టింది. గాజుముక్కలు, ఊచలు, కేలండర్లు లేవు. ఎడమ గోడ తెల్లగా, తడిగా ఉంది.

"ఒక్కటి గూడ ఇడువలే" అంది వదిన. ఆమె గొంతులో సంతోషం ఉంది. "తల్లికి మొక్కుకున్న. పనిముట్లు మొత్తం కడిగి నీ ముందట పెడుత, నా మొగని కండ్లు నిలవెట్టు తల్లీ అని. ఒక్క కుంచె కడిగి ఇచ్చినందుకే గిట్లైందేమో అని నాకు ఎన్నడి సందో మనసుల ఉన్నది."

అన్న లోపలికి పోయాడు. పీట ఎప్పటి చోటనే ఉంది. కూర్చున్నాడు. ఎడమ చేయి చాపి గోడ తడిమాడు. అరచేతికి తడి సున్నం అంటింది.

"గోడ గూడనా?"

"గీకిన. రాయి లెక్క అయింది అది. కొడవలితోని గీకి, సున్నమేసిన."

"ఒక్కదానివే?"

"ఇంకెవలుంటరు?"

అన్న కుడి చేయి మోకాలి పక్కకు పోయింది. నేల తడిమింది. కొంచెం ముందుకు, కొంచెం వెనక్కు తడిమి ఆగింది. వదిన ఆ చేతిని చూస్తోంది.

"ఏం కావాలె?"

"తెల్లది."

ఆమె వరుసలోంచి తీసి ఇచ్చింది. అన్న రెండు చేతులతో డబ్బా చుట్టూ తడిమాడు. మళ్లీ తడిమాడు.

"గిది తెల్లదేనా?"

అప్పుడు వదినకు తెలిసింది. ఆమె ముఖం అప్పుడెట్లా ఉందో నేను రాయను. అన్న డబ్బా కింద పెట్టి, చేయి ఆమె వైపు చాపి, "చేతులు నొచ్చినయా?" అని అడిగాడు.

మర్నాడు పూజ జరిగింది. డబ్బాలన్నీ అమ్మవారి పటం ముందు ఉన్నాయి. సాయంత్రం జమ్మి ఆకు తెచ్చి ఒకరి చేతిలో ఒకరం పెట్టుకున్నాం.

ఆ తర్వాతి పొద్దున అన్న రెండో రెక్క మొదలుపెట్టాడు. రంగు కోసం చేయి పంపితే అది దొరకలేదు. తల తిప్పి వెతికాడు. దొరికాక బోర్డు మీద తను ఆపిన చోటు దొరకలేదు. జాన పెట్టడానికి గోడ మీద ఉబ్బు లేదు. మధ్యాహ్నానికి మమ్మల్ని పిలిచాడు.

"ఎట్లున్నది? నాకు మొత్తం కనవడది. చెప్పుండ్రి."

నేను వదినను చూశాను. వదిన బోర్డును చూసింది.

"కిందికి జారింది" అంది.

"ఎంత?"

"బెత్తెడు."

"మొదటి దాని లెక్క లేదా?"

"లేదు."

అన్న కిరసనాయిలు గుడ్డతో తుడిచేశాడు. లేత నీలం ఆకాశం మీద మరక మిగిలింది.

ఆ సాయంత్రం వదిన గదిని మళ్లీ మునుపటిలాగా చేద్దామంది. పెరట్లో పారేసిన గాజుముక్కలు, ఊచలు ఏరి తెచ్చింది. టిఫిను మూత తెచ్చింది. మేమిద్దరం నేల మీద మోకాళ్లు ఆనించి కూర్చున్నాం. అన్న పీట మీద ఉన్నాడు.

"ఎర్రది గీడ ఉండె" అన్నాను.

"గాడ కాదు పంతులూ. గ్లాసు దీని ఎనుక ఉండె. నా రేకు దొరికింది గీడనే."

"అది రెండేండ్ల కింద వదినా."

"రెండేండ్ల సంది ఎవలు కదిపిండ్రు? నువ్వు కదిపినవా? నేను కదిపిన్నా?"

"మూత అడ్డంగ ఉండాలె."

"ఏ పక్కకు అడ్డం? రోడ్డు పక్కకా, ఇంటి పక్కకా?"

అన్న నవ్వాడు. దవాఖాన నుంచి వచ్చాక అతను నవ్వడం అదొక్కసారే.

"మీరిద్దరు గలీజు గూడ సర్దుతున్నరు" అన్నాడు. "నేను పెట్టలే అవి. పని చేసుకుంట ఇడిసిన. ఏడ ఇడిస్తే ఆడనే ఉన్నయ్. మీరు పెడితే నా చెయ్యికి ఎట్ల తెలుస్తది?"

వదిన ఆపలేదు. మరునాడు నేను బడి నుంచి వచ్చేసరికి ఆమె తెల్ల డబ్బాను ఒంచి పట్టుకుని కూర్చుని ఉంది. రంగు సన్నగా డబ్బా ఒంటి మీదుగా కారుతోంది.

"ఏం చేస్తున్నవ్ వదినా?"

"కారిపిస్తున్న. ఇంతకుముందు గీడ మందంగ ఉండె గద."

అది పలచగా, తిన్నగా కారి ఆరింది. మునుపటిదానికి ఏళ్లు పట్టింది. అన్న తడిమి చూసి, "అయింది, ఉండనియ్యి" అన్నాడు. ఆమె కోసం అన్నాడు.

రెక్కను అతను మళ్లీ వేశాడు, మళ్లీ తుడిచాడు. ఆకాశం మాసిపోయింది. రాత్రుళ్లు తినేవాడు కాదు. వదిన కంచం ముందు పెట్టుకుని కూర్చునేది. చివరికి వేసింది అట్లాగే ఉంచేశాడు.

దీపావళికి ముందు మోర్తాడ్ మనిషి ఆటోలో వచ్చాడు. బోర్డు వీధిలో గోడకు ఆనించాం. అతను దూరం నుంచి చూశాడు, దగ్గరికి వచ్చి చూశాడు.

"అన్నా, ఇమానం ఒక్క దిక్కు ఒరిగిందేంది? గిట్లుంటే నేను ఎక్కకపోతుంటి. మా ఇంటోళ్లు సంబురపడుతుండె."

అంటూ నవ్వి, అన్న ముఖంలోకి చూశాడు. అన్న అతని వైపు తిరిగే ఉన్నాడు కానీ చూపు అతని భుజం పక్కన ఉంది. ఆ మనిషి నవ్వు ఆపేశాడు. బోర్డు వైపు తిరిగి, "మంచిగనే ఉన్నది అన్నా. మీదికి కడితే ఎవలకు గుర్తు వడదు" అన్నాడు.

"కట్టకు" అన్నాడు అన్న. "ఇంకొకనితోని రాపిచ్చుకో."

"ఎందుకన్నా? అక్షరాలు సూడు, అచ్చు గుద్దినట్టున్నయ్. నాకు నువ్వు రాసిందే కావాలె."

మంచి మనసుతోనే తీసుకుపోయాడు, కట్టాడు. మోర్తాడ్ రోడ్డు మీద పోయేవాళ్లంతా దాన్ని చూశారు. అక్షరాలు దసరాకు ముందువి, రెక్క దసరా తర్వాతిది. ఒకే బోర్డు మీద ఆ రెండూ పక్కపక్కన ఉన్నాయి. ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేకపోయింది. బజారు నుంచి పని రావడం ఆగిపోయింది. తెలిసినవాళ్లు వీధిలో కనిపిస్తే, "పెయింటరన్నా, పానం మంచిగున్నదా?" అని అడిగేవాళ్లు. అంతకుముందు ఎవరూ అట్లా అడిగేవాళ్లు కాదు.

అన్న రోజూ పొద్దున ఆ గదిలోకి పోయి పీట మీద కూర్చునేవాడు. మొదట్లో రేకు ముక్కల మీద ఏదో గీసేవాడు. తర్వాత అదీ మానేశాడు. వదిన ఆ గదిని మళ్లీ ఊడవలేదు. పసుపు కాలంలో బజారు నుంచి పచ్చటి దుమ్ము వచ్చి డబ్బాల మూతల మీద పడేది, ఆమె తుడిచేది కాదు. డబ్బాల మూతలు తనే తీసి, అటూ ఇటూ జరిపి పెట్టేది. రంగు పైన మీగడలా కట్టి ఎండిపోయేది. కొన్నాళ్లకు గది దానంతట అదే మునుపటిలా అవుతుందని ఆమె ఆశ. పని చేసే మనిషి లేకుండా ఆ చిందరవందర రాదని ఆమెకు చెప్పడం నా వల్ల కాలేదు. ఆమెకు తెలియదనీ నేను అనుకోను.

గుండ్రం కూడా తొంభైల మొదట్లో పోయింది. అప్పుడు అన్న, "ఇప్పుడు నయం. ఎతుకుడు లేదు" అన్నాడు. ఆ మాటలో నయం అన్నది ఏమీ లేదు. ఒక్కోసారి కుడి చేయి మోకాలి పక్కకు పోయేది, నేల తాకి ఒళ్లోకి తిరిగి వచ్చేది. వదిన చాట పట్టుకుని వసారాలోంచి వచ్చి ఆ గది గడప దగ్గర కూర్చుని బీడీలు చుట్టడం మొదలుపెట్టింది. ఆకు తుంపులు గడప మీద పడేవి. ఆమె ఏరేది కాదు.

"నీ రేకు ఉన్నదా?" అని అన్న అడిగేవాడు.

"ఉన్నది. ఏం, కిటికీలు గీస్తవా?"

"ఉండనియ్యి, ఊకెనే అడిగిన."

వాళ్లిద్దరూ తొంభైలు ముగియకముందే పోయారు, ముందు అన్న, మరుసటి ఏడు వదిన. గది తాళం తీసి చూస్తే డబ్బాల మీద కుంకుమ బొట్లు గోధుమరంగుకు మారి ఇంకా ఉన్నాయి. గోడ తెల్లగానే ఉంది.

అన్న పని ఆగిన మరుసటి దసరాకు వదిన తన చాట, కత్తెర అమ్మవారి ముందు పెట్టలేదు. పూలు, దీపం మాత్రం పెట్టింది. ఆ తర్వాత నేనూ అదే పాటించాను. మా ఇంట్లో ఇప్పుడు దసరాకు పనిముట్లు కడగడం లేదు.